మన సెక్స్ వర్కర్ల సంఘం వార్షిక నివేదిక 2025–26, బరంపురం (ఒడిశా)

సభ్యులందరికీ నమస్కారం. బరంపురం, ఛత్రపూర్, గోపాల్‌పూర్‌ల నుంచి, సరిహద్దు అవతల ఇచ్ఛాపురం నుంచి ఒక పూట గిరాకీ వదులుకుని వచ్చిన అక్కచెల్లెళ్ళకు ముందుగా కృతజ్ఞతలు. కండోమ్‌ల పంపిణీ, ఆరు నెలలకోసారి హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు, క్లినిక్‌కి తోడు వెళ్ళడం ఎప్పటిలాగే సాగాయి. ఈ ఏడు గట్టిగా చెప్పుకోవలసింది చింతగింజల సభ గురించి.

హెచ్‌ఐవీ రాకుండా ముందుగానే వాడే మందును ప్రెప్ అంటున్నాం. అది ఏ రూపంలో ఉంటే మనకు వీలో మనమే చెప్పాలని సభ పెట్టాం. మొదట చేతులెత్తమన్నాం, అది పనికిరాలేదు. పెద్దావిడ చెయ్యి ఎటు లేస్తే అందరి చేతులూ అటే లేచాయి. అందుకని చీర అడ్డం కట్టి, వెనక నాలుగు స్టీలు చెంబులు పెట్టి, మనిషికి మూడేసి చింతగింజలు ఇచ్చాం. మూడూ ఒకదాంట్లోనే వెయ్యొచ్చు, పంచుకునీ వెయ్యొచ్చు. ఒక చెంబు ముందు 30 మాత్రల సీసా. రెండో దాని ముందు నెలంతా యోని లోపల ఉంచుకునే డాపివిరిన్ రింగు కొలతకు సరిపడే, 56 మిల్లీమీటర్ల మెత్తటి వలయం. మూడోది రెండు నెలలకోసారి పిరుదుకి వేసే కాబొటెగ్రావిర్ సూది. నాలుగోది ఆరు నెలలకోసారి పొట్ట చర్మం కింద వేసే లెనకాపవిర్.

నాలుగో చెంబే బరువు తూగింది. కారణం ఒక్కటే, ఇంట్లో దాచవలసింది ఏదీ ఉండదు. మాత్రల చెంబు రెండోది. సూది ఒంట్లోకి వెళ్ళాక పడకపోయినా వెనక్కి తియ్యలేం, మాత్రయితే మానెయ్యొచ్చు అని వాళ్ళ వాదన. అది కొట్టిపారేసే మాట కాదు. కాబొటెగ్రావిర్ ఆపేశాక కూడా నెలల తరబడి కొద్దికొద్దిగా ఒంట్లో మిగులుతుంది. ఆ సమయంలో హెచ్‌ఐవీ సోకితే వైరస్ మందుకి లొంగకుండా తయారయ్యే ప్రమాదం ఉంది. టీబీకి రిఫాంపిసిన్ వాడేవాళ్ళకి ఆ సూది పనికిరాదు. రింగు చెంబులో గింజలు తక్కువ. కస్టమర్‌కి తగులుతుందేమో, ముట్టులో ఎలా అన్న భయాలు ఒకవైపు. పరిశోధనల్లో అది ప్రమాదాన్ని సుమారు మూడో వంతే తగ్గించిందని చెప్పాక ఇంకొందరు వెనక్కి తగ్గారు.

లెనకాపవిర్‌కి అమెరికా అనుమతి 2025 జూన్‌లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు జులైలో వచ్చాయి. హైదరాబాద్ కంపెనీలు డాక్టర్ రెడ్డీస్, హెటిరో మనిషికి ఏడాదికి 40 డాలర్ల చొప్పున 2027 నుంచి 120 దేశాలకు ఇవ్వడానికి ఒప్పందాలు కుదిరాయి. అంతదాకా మన చేతికందేది మాత్రే కనుక దాని సంగతి మళ్ళీ రాస్తున్నాం.

మాత్రలో టెనోఫోవిర్ 300, ఎమ్‌ట్రిసిటాబిన్ 200 మిల్లీగ్రాములు ఉంటాయి. మొదలుపెట్టే ముందు హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, కిడ్నీకి క్రియాటినిన్ పరీక్షలు తప్పవు. ఆ తర్వాత మూడు నెలలకోసారి హెచ్‌ఐవీ పరీక్ష. వరసగా ఏడు రోజులు పడితేగాని రక్షణ రాదు. ఠాకురాణి యాత్రకి రద్దీ పెరుగుతుందని ముందురోజు మొదలెడితే లాభం లేదు. మగవాళ్ళ మధ్య సంబంధాలకు చెప్పే రెండు, ఒకటి, ఒకటి లెక్క, అంటే కలయికకు ముందు రెండు మాత్రలు, తర్వాత రెండు రోజులు రోజుకొకటి, మనకు చెల్లదు. యోని కణజాలంలో మందు తక్కువగా చేరుతుంది కాబట్టి రోజూ వేసుకోవలసిందే. మొదటి నెల కొందరికి వికారం, తలనొప్పి ఉంటాయి. రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటే చాలామందికి సర్దుకుంటుంది. సుఖవ్యాధుల్నీ గర్భాన్నీ ఇది ఆపదు, కండోమ్ మానకూడదు.

సభలో ఎక్కువ సేపు నడిచిన మాట సీసా చప్పుడు. సంచీలో గిలక్కాయలా మోగుతుంది. పైగా హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళు వాడే ఏఆర్‌టీ మందుల్లోనూ టెనోఫోవిర్ ఉండటంతో, పేరు చదివినవాళ్ళు ‘ఈవిడకి ఉంది’ అనేస్తారు. ఇంటి ఓనరు గది ఖాళీ చెయ్యమంటాడు. చప్పుడు పోవాలంటే మాత్రల మీద శుభ్రమైన దూది కుక్కండి. తేమ పీల్చే చిన్న పొట్లాన్ని మాత్రం పారెయ్యకండి. పాలిథిన్ కవర్లోకి మార్చితే సముద్రపు గాలికి మాత్ర మెత్తబడుతుంది.

కరపత్రాలు ఒడియాలోనే వచ్చాయి. మనలో ఒడియా మాట్లాడేవాళ్ళు చాలామందే, చదివేది మాత్రం తెలుగే. తెలుగులో ఇమ్మని రెండు ఉత్తరాలు రాసినా జవాబు లేదు. సభకి వస్తామన్న అధికారులు రాలేదు. చదివి వినిపిస్తామని పేర్లిచ్చిన మనవాళ్ళు కూడా రాకపోవడం ఎక్కువ బాధ కలిగించింది. రాత్రి తిరుగుడంతా పీర్‌ల మీదే, అంటే మనలోనుంచే తోటివాళ్ళకి చెప్పి తోడుండే నలుగురైదుగురి మీదే పడింది. వాళ్ళకు, చెంబులిచ్చిన టీ కొట్టు పిన్నికి, ఓపిగ్గా ప్రతి ప్రశ్నకీ జవాబిచ్చిన నర్సమ్మకి సంఘం రుణపడి ఉంది.

జమాఖర్చుల పుస్తకం కోశాధికారి దగ్గర ఉంది, ఎవరైనా చూడవచ్చు.

కండోమ్ చిరిగినా, ఎవరైనా బలవంతం చేసినా 72 గంటల్లోపు ఆసుపత్రికి చేరాలి. హెచ్‌ఐవీ సోకకుండా అక్కడ ఇచ్చే మందు 28 రోజులు వాడాలి. రాత్రి ఏ వేళయినా పీర్ తలుపు కొట్టండి.