మోషే కథ తెలిసిన పిల్లలకు కింగ్ కథ

చి. సౌ. లీలకు అమ్మ ఆశీస్సులు.

అమెరికాలో నల్లవాళ్ల హక్కుల కోసం పోరాడిన మార్టిన్ లూథర్ కింగ్ పేరిట జనవరి మూడో సోమవారం బడికి సెలవు కదా, ఆ రోజు పిల్లలకు ఆయన గురించి ఏమి చెప్పాలని అడిగావు. ఫోనులో తీరిగ్గా చెప్పడం కుదరలేదు, అందుకే రాస్తున్నాను.

ఆయన్ని చంపిన సంగతి ఇప్పుడే వద్దు. పెద్దదానికి ఇంకా ఆరేళ్లే. అలాగని, అందరూ కలిసిమెలిసి ఉండాలని కలగన్నాడని చెప్పి ఊరుకోకు. ఆ మాటలో పిల్లల చేతికి చిక్కేది ఏమీ లేదు. బస్సుతో మొదలుపెట్టు. 1955లో అమెరికాలోని మాంట్‌గొమరీ అనే ఊళ్లో నల్లవాళ్లు బస్సులో వెనక కూర్చోవాలి, తెల్లవాళ్లకు సీటు చాలకపోతే లేచి చోటివ్వాలి. రోజా పార్క్స్ అనే నల్లజాతి స్త్రీ లేవనంది. ఆమెను అరెస్టు చేశారు. కింగ్ ముందుండి నడిపించగా, ఊళ్లోని నల్లవాళ్లు 381 రోజులు ఆ బస్సులు ఎక్కలేదు. చాలామంది వానలో, ఎండలో పనికి నడిచే వెళ్లారు. కాళ్లు నొప్పి పుట్టడమంటే మన చిన్నవాడికి కూడా తెలుసు.

అక్కడి నుంచి ఐగుప్తుకు, అంటే మోషే యూదులను ఫరో రాజు బానిసత్వం నుంచి విడిపించిన ఈజిప్టుకు తీసుకెళ్లు. ఫరో, మోషే, చీలిన సముద్రం వాళ్లకు ఆ విడుదలను తలచుకునే యూదుల పస్కా పండుగ రాత్రి, సెడెర్ అనే భోజనాల దగ్గర నోటికి వచ్చిన కథే. ‘పరదేశిని బాధపెట్టవద్దు, మీరూ ఐగుప్తులో పరదేశులే’ అని మన ధర్మగ్రంథం తోరా మళ్లీ మళ్లీ ఎందుకు చెబుతుందో బస్సు కథ విన్నాక వాళ్లకే తడుతుంది.

యూదు మతగురువు రబ్బీ హెషెల్ గురించి తప్పకుండా చెప్పు. తల్లినీ అక్కచెల్లెళ్లనూ నాజీలకు పోగొట్టుకున్న మనిషి, 1965 మార్చిలో అమెరికాలోని సెల్మా అనే ఊరి నుంచి నల్లవాళ్ల కోసం సాగిన ఓటు హక్కు యాత్రలో కింగ్‌తో పాటు ముందు వరసలో నడిచారు. తన కాళ్లు ప్రార్థిస్తున్నట్టు అనిపించిందని తర్వాత రాసుకున్నారు. అయితే ఆయన్నే కథానాయకుణ్ణి చేయకు. ఆ పోరాటం నల్లవాళ్లది, మన యూదులు కొందరు వెళ్లి కలిశారు. 1968 పస్కాకు హెషెల్ ఇంటికి కింగ్ రావలసింది, పండుగకు కొద్ది రోజుల ముందే హత్య జరిగింది. అది పిల్లలు ఎదిగాక చెబుదువుగాని.

నా వైపు కథ కూడా దాచవద్దు. నేను పుట్టిన ఊళ్లో అంటరానివాళ్లన్న పేరుతో కొందరికి బావి వేరు, టీ దుకాణంలో గ్లాసు వేరు. 1959లో కేరళలో ఒక బడిలో కింగ్‌ను అమెరికా నుంచి వచ్చిన అంటరానివాడిగా పరిచయం చేస్తే, ముందు నొచ్చుకున్నా, అది నిజమేనని ఆయనే ఒప్పుకున్నారు. అన్యాయం పక్కవాళ్ల ఇంట్లోనే ఉంటుందని పిల్లలు అనుకోకూడదు.

1994 నుంచి ఆ సెలవు సేవాదినం కూడా. శుక్రవారం సబ్బాతు (విశ్రాంతి దినం) కొవ్వొత్తులు వెలిగించే ముందు సెదాకా (దానం) డబ్బాలో వేసే చిల్లర ఈసారి పెద్దదాని చేతే లెక్కపెట్టించు. దానితో పప్పుల డబ్బాలు కొని, సోమవారం మీ వీధి చివరి ఆహార కేంద్రానికి నడిపించుకుని వెళ్లు. చలి ఎక్కువగా ఉంటుంది, చిన్నవాడికి చెవుల టోపీ మరిచిపోకు.

ఇట్లు,
అమ్మ