గోడమీద బొమ్మలో ఉన్న పదకొండో నంబరు ఆటగాడు

టుర్కు, ఫిన్లాండ్

నాన్నగారికి నమస్కారాలు.

మేమంతా ఇక్కడ క్షేమం. అమ్మ పంపిన కందిపొడి, ఉసిరికాయ పచ్చడి భద్రంగా చేరాయి. మొన్న ఫోనులో మాట్లాడుతూ మీ మనవడి గదిలో గోడమీద బొమ్మ చూసి, "ఎవరమ్మా ఆయన? ఏం గెలిచాడు?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే, "ఈ ఆటల పిచ్చిలో పడి వాడి చదువు ఏమవుతుందో" అని కూడా అన్నారు. ఫోనులో మీరు మాట పూర్తి కానివ్వరు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. దీన్ని మధ్యలో ఆపలేరు కదా!

ఆయన పేరు సాకు కోయివు. (పేరు వినగానే అమ్మ నవ్వుతుందని నాకు తెలుసు.) మేము ఉంటున్న ఈ టుర్కులోనే 1974 నవంబరులో పుట్టాడు. ఆ బొమ్మ మా కింది అంతస్తులో ఉండే పెద్దాయన ఇచ్చారు. ఓడల కర్మాగారంలో వెల్డింగు పని చేసి రిటైరయ్యారు. మామూలుగా లిఫ్టులో కలిసినా తల ఊపడం తప్ప మాట్లాడని మనిషి. హాకీ ఊసెత్తితే మాత్రం మా వంటింట్లో కూర్చుని రెండు కప్పుల కాఫీ పూర్తయ్యేదాకా కదలరు. నేను రాసేదాంట్లో సగం ఆయన చెప్పిందే.

ముందు ఆట గురించి రెండు ముక్కలు. మీకు తెలిసిన హాకీ నేలమీద ఆడేది, ఇది మంచుగడ్డ మీద ఆడేది. జట్టుకు గోల్‌కీపరుతో కలిపి ఆరుగురు. అడుగున ఉక్కు పలక బిగించిన బూట్లు, చేతిలో కర్ర, బంతికి బదులు నల్లటి రబ్బరు బిళ్ల. ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలు. భుజంతో గుద్ది పడేయడం తప్పు కాదు, ఆటలో భాగమే. కోయివు ఎత్తు 178 సెంటీమీటర్లు. మన వీధిలో నిలబడితే పొడగరే, ఈ ఆటలో పొట్టివాడి కింద లెక్క. పైగా ఆడిన చోటు సెంటర్. అంటే రెండు వైపులా పరిగెత్తాలి, తనకంటే బరువైనవాళ్లతో ముఖాముఖి తలపడాలి.

ఇక్కడి క్లబ్బు పేరు టీపీఎస్, 1922 నాటిది. దేశవాళీ లీగులో ఆ క్లబ్బు తరఫున 1993లో, 1995లో టైటిల్ గెలిచాడు. అమెరికా, కెనడా జట్లు కలిసి ఆడే ఎన్‌హెచ్‌ఎల్ అనే పెద్ద లీగు ఉంది. ప్రపంచంలో ఏ హాకీ కుర్రాడిని అడిగినా అక్కడికి వెళ్లడమే కల అంటాడు. ఆ లీగు జట్లు ఏటా కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకుంటాయి. 1993లో కెనడాలోని మాంట్రియల్ కెనేడియన్స్ జట్టు కోయివును మొదటి విడతలోనే, 21వ స్థానంలో ఎంచుకుంది. అయినా వెంటనే విమానం ఎక్కలేదు. మరో రెండేళ్లు సొంత ఊళ్లోనే ఆడి, ముదిరి, అప్పుడు వెళ్లాడు. ఈ సంగతి మీకు నచ్చుతుందనే ప్రత్యేకంగా రాస్తున్నాను.

వెళ్లేముందు ఒక ఘనకార్యం జరిగింది. ఫిన్లాండ్ జనాభా మొత్తం దాదాపు 56 లక్షలు, హైదరాబాద్ కంటే తక్కువ. 1995 దాకా ఈ దేశం హాకీలో ప్రపంచ ఛాంపియన్ కాలేదు. ఆ ఏడు మే నెలలో ఫైనల్ జరిగింది స్టాక్‌హోమ్‌లో, ప్రత్యర్థి స్వీడన్. 1809 దాకా వీళ్లను ఏలిన పొరుగువాళ్లు. ఫిన్లాండ్ 4-1తో గెలిచింది. గెలిపించిన కోచ్ కర్ట్ లిండ్‌స్ట్రోమ్ కూడా స్వీడన్ దేశస్థుడే కావడం వేరే తమాషా. విల్లె పెల్టొనెన్ మూడు గోల్స్ కొట్టాడు. అతను, కోయివు, యెరె లెహ్తినెన్ ఒకే వరసలో ఆడేవారు. ముగ్గురినీ కార్టూన్ బాతు డొనాల్డ్ డక్ మేనల్లుళ్ల పేర్లతో పిలిచేవారట. ఆ రాత్రి హెల్సింకి మార్కెట్ కూడలిలో ఇసుక వేస్తే రాలనంత జనమట. తల ఊపడం తప్ప ఎరగని మా పెద్దాయన, ముక్కూమొహం తెలియనివాళ్లను కౌగిలించుకున్నానని చెబితే నాకు నమ్మడం కష్టమైంది.

మాంట్రియల్‌లో మొదటి ఏడాది మొత్తం 82 మ్యాచ్‌లూ ఆడాడు. రెండో ఏడాది లీగులో అత్యధిక పాయింట్ల (గోల్ కొట్టినా, కొట్టడానికి బిళ్ల అందించినా ఒక పాయింటు) వరసలో ముందుండగా, డిసెంబరులో మోకాలు దెబ్బతింది. ఆ తర్వాత మళ్లీ మోకాలు, భుజం, ఏదో ఒకటి. అయినా 1999లో కెప్టెన్‌ని చేశారు. ఆ జట్టు చరిత్రలో యూరప్ నుంచి వచ్చి కెప్టెన్ అయిన మొదటివాడు అతనే.

2001 సెప్టెంబరులో సెలవులు ముగించుకుని మాంట్రియల్‌కు తిరిగి వెళుతుంటే విమానంలో కడుపునొప్పి, వాంతులు. పరీక్ష చేస్తే క్యాన్సర్. బర్కిట్ లింఫోమా అని, చాలా వేగంగా ముదిరే రకం. అప్పటికి అతనికి 26 ఏళ్లు. నెలల తరబడి కీమోథెరపీ. ఆ ఏడాదికి ఆట సంగతి ఎవరూ తలచలేదు. 2002 ఏప్రిల్ 9న, లీగు దశ ముగియడానికి మూడు మ్యాచ్‌లు మిగిలి ఉండగా, ఒట్టావా జట్టు మీద ఆడటానికి మంచు మీదికి వచ్చాడు. స్టేడియం మొత్తం లేచి నిలబడింది. దాదాపు ఎనిమిది నిమిషాలు చప్పట్లు ఆగలేదు. ఆ వీడియో మీ మనవడు నాకు చూపించాడు. కోయివు ఆ సేపంతా ఎటు చూడాలో తెలియక హెల్మెట్ ఊపుతాడు, చెయ్యెత్తుతాడు, తల దించుకుంటాడు. ప్రత్యర్థి ఆటగాళ్లు కూడా కర్రలతో మంచును తడుతూ ఉంటారు. తర్వాత మామూలుగా ఆట మొదలైంది, మాంట్రియల్ గెలిచింది, తర్వాతి దశకు చేరింది. మరుసటి ఏడాది అతను మళ్లీ 82 మ్యాచ్‌లకు 82 ఆడాడు. నాకు ఆ ఎనిమిది నిమిషాలకంటే ఈ లెక్కే పెద్దదిగా కనిపిస్తుంది.

చికిత్స సమయంలో, క్యాన్సర్ ఒంట్లో ఎక్కడుందో చూపే పెట్ స్కానింగు కోసం అతను షెర్‌బ్రూక్ అనే వేరే ఊరికి వెళ్లాల్సి వచ్చేది, మాంట్రియల్ జనరల్ ఆస్పత్రిలో ఆ యంత్రం లేక. కోలుకున్నాక తన పేరిట ఒక ఫౌండేషన్ పెట్టి, విరాళాలు పోగుచేసి ఆ ఆస్పత్రికి యంత్రం సమకూర్చాడు. పెదనాన్నను స్కానింగుకని రాత్రి బస్సులో హైదరాబాద్ తీసుకువెళ్లిన మీకు దాని విలువ నేను చెప్పక్కర్లేదు.

అన్నీ నెత్తిన పెట్టుకున్న రోజులే అనుకోకండి. అక్కడ జనం ఫ్రెంచి మాట్లాడేవాళ్లు. ఇన్నేళ్లయినా కెప్టెన్‌కు ఫ్రెంచి రాదని 2007లో పెద్ద రభస చేశారు. నాకైతే ఒళ్లు మండింది. ఫిన్నిష్ విభక్తులతో కుస్తీ పడుతూ, కూరగాయల కొట్లో కూడా తడబడే మనిషిని కదా, నా సానుభూతి మొత్తం అతనికే.

మా పెద్దాయన ఇప్పటికీ జీర్ణించుకోలేనిది 2006 టురిన్ ఒలింపిక్స్. ఫిన్లాండ్ ఫైనల్ దాకా ఒక్క మ్యాచ్ ఓడలేదు. కెప్టెన్ కోయివు. అతనూ, తేము సెలానె అనే మరో మహానుభావుడూ చెరి 11 పాయింట్లతో టోర్నీలోనే అందరికంటే పైన. ఫైనల్లో మళ్లీ స్వీడనే. స్కోరు 2-2. మూడో భాగం మొదలయ్యేటప్పుడు రిఫరీ ఇద్దరు ఆటగాళ్ల మధ్య బిళ్ల వదిలాడు, దానికోసం తలపడటంలో కోయివు కర్ర విరిగింది. కొత్త కర్ర కోసం అతను బెంచీ వైపు వెళ్లేలోపే స్వీడన్ ఆటగాడు నిక్లాస్ లిడ్‌స్ట్రోమ్ గోల్ కొట్టేశాడు. అప్పటికి గడిచింది పది సెకన్లు. వీళ్లకు మిగిలింది వెండి. ఇది చెప్పేటప్పుడు పెద్దాయన మా చపాతీ కర్ర పట్టుకుని, బిళ్ల ఎక్కడ పడిందో, కర్ర ఎక్కడ విరిగిందో బల్లమీద చూపించారు. అల్లుడు గారు నవ్వు ఆపుకోలేక లేచి వెళ్లిపోయారు.

రెండు నెలలు తిరిగేసరికి, మాంట్రియల్ తరఫున ఆడుతుండగా ప్రత్యర్థి కర్ర ఎడమ కంటికి తగిలి, పక్క చూపు కొంత శాశ్వతంగా పోయింది. ఆ కంటితోనే ఇంకో ఎనిమిదేళ్లు ఆడాడు. 2009లో మాంట్రియల్ వదిలి కాలిఫోర్నియాలోని అనహైమ్‌కు వెళ్లి, సెలానె పక్కన ఆడి, 2014లో ఆట మానేశాడు. మొత్తం 1124 మ్యాచ్‌లు, 832 పాయింట్లు, నాలుగు ఒలింపిక్ పతకాలు. 2011లో అనహైమ్ చొక్కా వేసుకుని మాంట్రియల్ వెళితే, ఫ్రెంచి రాదని సాధించిన ఆ ఊరే మళ్లీ లేచి నిలబడింది.

మీ ప్రశ్నకు జవాబు ఇదీ నాన్నగారూ: ఆ లీగులో అందరూ కోరుకునే స్టాన్లీ కప్పు ఉంది చూశారూ, అది అతను గెలవలేదు. మాంట్రియల్‌లో అతని పదకొండో నంబరు చొక్కాను, ఇంకెవరికీ ఇవ్వకుండా, గౌరవంగా స్టేడియం కప్పుకు కట్టలేదు కూడా, ఆ నంబరు తర్వాత వేరేవాళ్లకు ఇచ్చేశారు. గెలిచినవాళ్ల బొమ్మలు ఈ దేశంలో బోలెడు దొరుకుతాయి. 2022లో ఒలింపిక్ బంగారం, అదే ఏడాది సొంతగడ్డ మీద ప్రపంచ టైటిల్ సాధించిన జట్టు బొమ్మ మీ మనవడి దగ్గర ఉంది, బీరువా వెనక. గోడమీద మాత్రం ఈయనే ఉన్నాడు. ఎందుకురా అంటే, "ఇతను మన ఊరివాడు" అన్నాడు. మన ఊరట!

ఇక చదువు సంగతి. వాడు ఆటగాడు అవుతాడని నేను అనుకోవడం లేదు. ఇక్కడ ప్రతి పేటలోనూ అలాంటి పిల్లలు వందలమంది, పైకి వెళ్లేది ఏ ఒక్కరో. కానీ శనివారం పొద్దున్నే చీకట్లో లేచి, తన సంచీ తానే మోసుకుంటూ వస్తాడు. బూట్ల తాళ్లు బిగించడం మాత్రం ఇంకా నా పనే. నేలమీద మోకాళ్లేసి, కింది కన్నాల దగ్గర్నుంచి ఒక్కో వరసా లాగుతూ పైకి రావాలి. వదులైతే మడమ ఊగుతుంది, మరీ బిగిస్తే పాదం తిమ్మిరెక్కుతుంది. నా వేళ్లు ఎర్రబడేదాకా లాగితే, "ఇంకొంచెం అమ్మా" అంటాడు. ఇంటికొచ్చాక ఆ సరంజామా స్నానాల గదిలో ఆరబెడితే వచ్చే కంపు గురించి రాయను, మీరు భోంచేసి చదువుతుంటారేమో.

ఖర్చు తక్కువేమీ కాదు. పాతవి కొంటాం, పొట్టివైతే చిన్నపిల్లలకు అమ్మేస్తాం. జట్టు ప్రయాణాల కోసం తల్లిదండ్రులంతా టాయిలెట్ పేపర్ కట్టలు అమ్మాలి, ఇక్కడ అన్ని క్లబ్బుల్లోనూ ఇదే ఆనవాయితీ. మీరు ఇంజనీరింగు చదివించిన కూతురు గుమ్మం గుమ్మానికీ తిరిగి అవి అమ్మింది. అమ్మకు చెప్పకండి.

లెక్కల్లో వాడు బాగానే ఉన్నాడు. అయినా ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. హైస్కూలు మైదానంలో దీపాలు పెట్టేదాకా వాలీబాల్ ఆడి, ప్యాంటు నిండా ఎర్రమట్టితో ఇంటికొచ్చిన లెక్కల మాస్టారు ఒకరు నాకు తెలుసు. ఆయన పాఠాలు ఏనాడైనా పాడయ్యాయా?

ఫిబ్రవరిలో వస్తామన్నారు కదా. అప్పుడు టీపీఎస్ మ్యాచ్‌లు ఉంటాయి. టికెట్లు తీయమంటారో వద్దో వచ్చే ఆదివారం చెప్పండి, ఆలస్యమైతే మంచి సీట్లు పోతాయి. హాలు లోపల కూడా చలిగానే ఉంటుంది, మంకీ క్యాప్ మరిచిపోకండి. కింది పెద్దాయన మీ పక్క సీటు తనకే కావాలని ఇప్పటికే చెప్పి ఉంచారు.

అమ్మకు నమస్కారాలు.

మీ అమ్మాయి