జైసల్మేర్ ఫోటో టూరు: రెండు గంటలన్న వెలుగు పావుగంట కూడా దక్కలేదు

మేనేజర్ గారికి,
విజయవాడ.

విషయం: జనవరి రెండో వారం రాజస్థాన్ ఫోటో టూరులో సామ్ ఇసుక తిన్నెలకు ఆలస్యంగా చేర్చడం, డబ్బు వాపసు గురించి.

అయ్యా,

నేను గవర్నర్‌పేటలో ఫోటో స్టూడియో నడుపుతున్నాను. పుష్యమాసం, ముహూర్తాలు లేవు కదా అని 38,500 రూపాయలు కట్టి మీ టూరుకు వచ్చాను. "సామ్ తిన్నెల మీద గోల్డెన్ అవర్, రెండు గంటలు" అని, అంటే పొద్దు గుంకే ముందు వచ్చే బంగారు వెలుగు రెండు గంటలు దక్కుతుందని, మీ కరపత్రంలో పెద్దక్షరాలతో ఉంది.

ఆ రోజు జైసల్మేర్‌లో భోజనాలు రెండున్నరకల్లా అయిపోయాయి. సామ్ అక్కడికి 40 కిలోమీటర్ల పైచిలుకు, బండిలో గంట. మీ గైడు మమ్మల్ని తీసుకెళ్లి దుప్పట్ల షాపులో కూర్చోబెట్టాడు. అందులో ఆయనకెంత ముట్టిందో నాకనవసరం. "బాబూ, పొద్దు వాలిపోతోంది" అని నేనూ, గుంటూరు నుంచి వచ్చిన రిటైర్డ్ మాస్టారూ మొత్తుకుంటే "టైముంది సార్, టైముంది" అన్నాడు. బండి కదిలేసరికి పావు తక్కువ ఐదు. దిగాక ఒంటె సవారీకి మళ్లీ క్యూ.

"తిన్నెలెక్కడికి పోతాయండీ, చూశారుగా" అని మీ ఆఫీసులో అమ్మాయి ఫోన్లో అంది. అందుకే కాస్త వివరంగా రాయాల్సి వస్తోంది. ఇసుకకు రూపమిచ్చేది నీడే. మిట్టమధ్యాహ్నం తీస్తే తిన్నె పాలిపోయి చదునుగా పడుతుంది. పొద్దు దిగి వెలుగు పక్కవాటుగా తగిలినప్పుడే గాలి గీసిన ఒక్కో చారకు ఒకవైపు బంగారు రంగు, రెండోవైపు నీలి నీడ వస్తుంది, తిన్నె కొన కత్తి అంచులా తేలుతుంది. ఆ నీడలు నిమిష నిమిషానికీ సాగుతుంటాయి. దానికి ముందే చోటు వెతుక్కోవాలి, ట్రైపాడ్ నిలబెట్టుకోవాలి. లెన్సు బండిలోనే మార్చుకోవాలి, గాల్లో మారిస్తే సెన్సరు మీదికి ఇసుక చేరుతుంది. మెరిసే ఇసుకను కెమెరా తనంతట తాను మసకగా తీస్తుంది కాబట్టి ఎక్స్‌పోజరు, అంటే కెమెరా తీసుకునే వెలుగు, ఒక స్టాపు (రెట్టింపు) దాకా పెంచి చూసుకోవాలి. ఇవన్నీ దగ్గరుండి చెప్పడానికి నిపుణుడు వస్తాడని రాశారు. ఆయన రావడం లేదని మాకు రైలెక్కాక తెలిసింది!

పోనీ, దింపిన చోటైనా మంచిదా? రోడ్డు పక్కన, జీపులు తిరిగే తిన్నె. ఫ్రేము ఎటు తిప్పినా టైరు చారలు, చెప్పుల గుర్తులు, చిప్స్ ప్యాకెట్లు. ఎవరూ తొక్కని తిన్నెలు దూరంగా కనబడుతూనే ఉన్నాయి, అక్కడిదాకా నడవడానికి వెలుగు మిగల్లేదు. వట్టి ఇసుక చూడటానికైతే ఎండాకాలంలో బ్యారేజీ దిగువన కృష్ణలో కావలసినంత ఉంది.

"చలికాలం, తొందరగా చీకటి పడింది, ప్రకృతి మా చేతుల్లో లేదు" అని మెయిల్లో జవాబిచ్చారు. జైసల్మేర్ మనకు బాగా పడమర. ఆ వారంలో బెజవాడలో ఆరుకు పది నిమిషాల ముందు పొద్దు గుంకితే, అక్కడ ఆరు దాటి పది నిమిషాలకు గుంకుతుంది. అంటే ప్రకృతి మీకు ఇరవై నిమిషాలు ఎదురిచ్చింది. దాన్ని కూడా దుప్పట్ల షాపులోనే ఖర్చు పెట్టించారు.

మీరు పంపిన 10 శాతం తగ్గింపు కూపను నాకొద్దు. 15,000 రూపాయలు పదిహేను రోజుల్లో వాపసు చేయండి. కొత్త కరపత్రంలో ఆ రెండు గంటల మాటైనా తీసేయండి, మూడున్నరకు బండి కదులుతుందనైనా రాసివ్వండి. లేదంటే ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే ఊళ్లోనే కేసు వేసుకోవచ్చు, కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు.

రసీదు, కరపత్రం, తిన్నె మీద తీసిన ఫోటోల ప్రింట్లు జతచేస్తున్నాను. మొదటి ఫోటో మీద టైము 5:58 అని ఉంది, చూసుకోండి.

ఇట్లు,
మీ టూరులో వచ్చిన గవర్నర్‌పేట ఫోటోగ్రాఫర్