ఆదోని అక్కకు, ఇంకా చాలామందికి

అమ్మ నిన్న ఇంటికొచ్చింది. నాకింకా నిద్ర తీరలేదు, రాసేది వరస తప్పితే ఏమనుకోవద్దు. ఆపరేషన్ అయింది కర్నూలులోనే. ఆసుపత్రి పేరు మాత్రం రాయను, ఎందుకంటే కింద కొంచెం తిట్టేది కూడా ఉంది.

జబ్బేంటని చాలామంది ఫోన్ చేసి అడుగుతున్నారు, ఒకేసారి చెప్పేస్తాను. గుండె చుట్టూ పల్చటి పొర ఒకటి ఉంటుంది. మామూలుగా 2 మిల్లీమీటర్లకు మించదట. ఎప్పుడో వచ్చిన టీబీ వల్ల అమ్మకు ఆ పొర మందమై, అక్కడక్కడ సున్నం పట్టి గట్టిపడిపోయింది. సీటీ స్కాన్‌లో 7 మిల్లీమీటర్లు ఉంది. గుండె కండ బాగానే ఉంది గానీ విచ్చుకోవడానికి చోటు లేదు. "చిన్నప్పటి చొక్కా పెద్దోడికి తొడిగి గుండీలు పెట్టినట్టు" అన్నారు సర్జన్ గారు. రక్తం గుండెలోకి సరిగా పోలేక వెనక నిలిచిపోయి, పొట్టలో, కాళ్లలో నీరు చేరింది.

పొట్ట ఉబ్బేసరికి అందరూ లివర్ అన్నారు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నీళ్లు తీసేవాళ్లు, మళ్లీ చేరేవి, మళ్లీ తీసేవాళ్లు, మళ్లీ బిల్లు. అక్కడి డాక్టరు "ఈమె తాగుతుందా?" అని నన్నే అడిగాడు. పత్తికొండ పక్కన టమాటా తోటల్లో బతుకంతా వంగి పనిచేసిన మనిషి, కల్లు వాసన కూడా గిట్టదు. చివరికి ఇంకోచోట చిన్న వయసు డాక్టరమ్మ ఒకామె అమ్మను వాలుగా కూర్చోబెట్టి మెడ వైపు చూసింది. ఊపిరి పీలిస్తే మెడలోని రక్తనాళాలు తగ్గాల్సింది పోయి ఇంకా ఉబ్బుతున్నాయి. వెంటనే ఎకో, తర్వాత సీటీ. మేడమ్, మీకు దండం.

ఛాతీ ఎముక కోసి, కొట్టుకుంటున్న గుండె మీది నుంచే ఆ పొరను కొంచెం కొంచెంగా ఒలిచారు. రెండు పక్కలా ఊపిరి ఆడించే నరాలు ఉంటాయి, వాటికి తగలకూడదు. హార్ట్ లంగ్ మెషిన్ పక్కనే సిద్ధంగా పెట్టుకున్నారు గానీ అవసరం పడలేదు. సర్జన్ గారికి, మత్తు డాక్టరు గారికి, ఐసీయూ సిస్టర్లకు నమస్కారాలు.

మా ఆవిడ, తమ్ముడు, చెల్లెలు ఏం చేశారో వాళ్లకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇప్పుడు ఆదోని అక్క. పేరు పెట్టొద్దంది, ఊళ్లో నవ్వుతారంట.

ఆడవాళ్ల వార్డులో రాత్రిపూట మగవాళ్లను ఉండనివ్వరు. అది న్యాయమే. కానీ మా ఆవిడ చేతిలో చంటిబిడ్డ, చెల్లెలికి నెలలు నిండాయి. అమ్మను ఐసీయూ నుంచి వార్డుకు మార్చిన రాత్రి గేటు దగ్గర టెన్షన్‌తో నిలబడి ఉంటే, లోపలి నుంచి ఒకామె వచ్చి "నువ్వు పోయి పండుకోపో తమ్ముడూ, మీయమ్మను నేను చూసుకుంటాలే" అంది. పక్క మంచం మీద ఆమె చెల్లెలు, వాల్వ్ మార్చాలి.

అమ్మ ఎంత నీళ్లు తాగింది, ఎంత మూత్రం పోయింది లెక్క రాయాలి. అక్కకు చదువు రాదు. మూత్రం సంచి మీది గీతలు సిస్టర్ దగ్గర నేర్చుకుని, మందుల డబ్బా అట్ట మీద నూరు మిల్లీకి ఒక నిలువు గీత గీసేది. పొద్దున సిస్టర్ ఆ గీతలు లెక్కేసి చార్టులో ఎక్కించుకునేది. దగ్గొస్తే దిండును రొమ్ముకు అదిమి పట్టుకోవాలి, అమ్మకు ఆ బలం లేదు. అర్ధరాత్రి లేచి అక్కే పట్టుకునేది.

ఎముకకు స్టీలు తీగలు వేశారు కాబట్టి అమ్మ చేతులు పైకెత్తకూడదు. ఒకరోజు పొద్దున గేటు తీయగానే లోపలికి పోతే, అమ్మ నూనె రాసి నున్నగా దువ్విన జడతో, బొట్టుతో కూర్చుని ఉంది. స్కాన్లు, రక్తం, అప్పులు అంటూ తిరిగినప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఆ జడ చూసి మెట్ల దగ్గరికి పోయి ఏడ్చాను. ఎందుకక్కా ఇంత శ్రమ అంటే, "ఊరికే కూర్చుంటే నాకు పొద్దు పోదులే" అంది.

ఆమె ఊరికే ఎందుకు కూర్చోవాల్సొచ్చిందో చెప్పాలి. చెల్లెలి పేరు రేషన్ కార్డులో ఒక రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా ఉంది. తేడా ఒక్క అక్షరం. దాంతో ఆపరేషన్ ఖర్చు భరించే ప్రభుత్వ పథకం అప్రూవల్ ఆగిపోయింది. ఈ కౌంటర్ ఆ ఆఫీసుకు పొమ్మంటుంది, ఆ ఆఫీసు మళ్లీ ఈ కౌంటర్‌కే పంపుతుంది. ఆ మనిషి ఎదురుగానే ఆయాసపడుతూ కూర్చుని ఉంటే ఎవరని రుజువు చూపాలి? ఆ ఆలస్యం వల్లే మా అమ్మకు రాత్రుళ్లు తోడు దొరికింది. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు ముద్ద దిగడం లేదు.

అయ్యో, రక్తమిచ్చిన డిగ్రీ పిల్లలను మరిచేపోయాను, పరీక్షలు పెట్టుకుని వచ్చారు. సీటీ రూములో అమ్మను సొంత తల్లిలా... కాదు, నాకంటే జాగ్రత్తగా ఎత్తి పడుకోబెట్టిన బాబాయి. ఉగ్గానికి డబ్బులు తీసుకోని బండి అన్న. డోన్ దాటాక పంక్చర్ పడితే ఎండలో టైరు మార్చిన అంబులెన్స్ డ్రైవర్. ఇంకా ఎవరైనా ఉంటే తిట్టుకోకండి, గుర్తొచ్చినప్పుడు కలుపుతాను.

అక్క ఇందాకే ఫోన్ చేసింది, అప్రూవల్ వచ్చిందట. ఆపరేషన్ వచ్చే వారం. చెల్లెలిది బి నెగటివ్. కర్నూలు చుట్టుపక్కల ఆ గ్రూపు వాళ్లెవరైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, నేనే బండి మీద వచ్చి తీసుకుపోతాను.