రెండో భాగం సంగతి ఏం చేశారు?

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: హాల్ రైఫిల్ చరిత్ర, ఆడియో రెండో భాగం గురించి (ఇది అయిదో ఉత్తరం)

అయ్యా,

ఆడియో ఆగిపోయిందని నాకు కోపం లేదు. యంత్రమన్నాక మొరాయిస్తుంది. నెలన్నరగా మీవాళ్ళు నన్ను తిప్పుతున్న తీరుకే కడుపు మండుతోంది.

మేం మేరీలాండ్‌లో ఉంటాం. వెస్ట్ వర్జీనియాలోని హార్పర్స్ ఫెర్రీ ఊరికి కారులో వెళ్తూ, అక్కడ తయారైన తుపాకి కథ తెలుగులో విందామని మీ యాప్‌లో పెట్టాను. గొట్టం మూతిలోంచి కాకుండా వెనకనుంచి మందూ గుండూ పెట్టే తుపాకి చేసిన జాన్ హాల్ పేటెంట్ కోసం వెళ్తే, ఆ ఆఫీసు పెద్ద విలియం థార్న్‌టన్ "ఇది నేనెప్పుడో కనిపెట్టాను" అని వాటాకి కూర్చున్నాడు. 1811లో పేటెంట్ ఇద్దరి పేరా వచ్చింది. సరిగ్గా అక్కడ మీ మొదటి భాగం అయిపోయింది. రెండోది నొక్కితే చక్రం తిరుగుతూనే ఉంది.

ఫోన్ చేశాను. మొదటి అమ్మాయి "సారీ సార్, మేం ఆయుధాలు అమ్మం" అని పెట్టేసింది. రెండో అతను యాప్ తీసేసి మళ్ళీ వేసుకోమన్నాడు. వేసుకున్నాను, మూడుసార్లు. "పైవాళ్ళకి పంపాం, 48 గంటలు ఆగండి" అన్నాడు. ఆగాను. మూడో అతనికి అసలు నా ఫిర్యాదే కనబడలేదట! నాలుగో ఆవిడ మరీ మంచిది. ప్రీమియం తీసుకుంటే వినిపించవచ్చేమో అంది.

మీ పుణ్యమా అని మిగతా కథ లైబ్రరీలో చదువుకున్నాను. 1834 నాటికి కనెక్టికట్‌లో సిమియన్ నార్త్ అనే తుపాకులవాడు చేసిన హాల్ రైఫిళ్ళ భాగాలు హార్పర్స్ ఫెర్రీలో చేసినవాటికి అతికినట్టు సరిపోయేవట. వందల మైళ్ళ దూరంలో ఇనుప ముక్కకీ ఇనుప ముక్కకీ పొత్తు కుదిరింది. ఒకే గదిలో కూర్చునే మీవాళ్ళ మాటకీ మాటకీ కుదరదు.

ప్రీమియం అంటే ఇంకోటి గుర్తొచ్చింది. 1861లో అమెరికా సైన్యం పాతబడ్డాయని 5,000 హాల్ కార్బైన్లు (పొట్టి గొట్టం తుపాకులు) ఒక్కోటి మూడున్నర డాలర్లకి అమ్ముకుంది. చేతులు మారి అవే తిరిగి ప్రభుత్వానికి 22 డాలర్లకి వచ్చాయి. మా సొమ్ము మాకే అమ్మే ఆ విద్య మీకెవరు నేర్పారు?

నాలుగేళ్ళుగా చందాదారుణ్ణి. మా వాళ్ళ చేత పదకొండు చందాలు కట్టించాను. ఇప్పుడు వాళ్ళే నన్ను "ఏమైందండీ మీ తుపాకి?" అని ఆటపట్టిస్తున్నారు.

కథ ఎలాగూ తెలిసిపోయింది. అయినా సరే, నాకు రెండో భాగం కావాలి. లేదా డబ్బు. కనీసం నా ఉత్తరం చదివిన మనిషి ఒకరు ఫోన్ చేయాలి. శుక్రవారం దాకా చూస్తాను. వచ్చే ఉగాది సభలో మా సంఘంవాళ్ళు మైకు నా చేతికే ఇస్తున్నారు, అది కూడా చూసుకోండి.

ఇట్లు,
ఇంకా మీ చందాదారుడే