కొంగు అంటే పైట ఒక్కటే కాదు

సంపాదకులకు,

దళిత స్త్రీల కవిత్వం మీద వచ్చే వ్యాసాల్లో ‘వేదన’, ‘ఆక్రోశం’ అనే రెండు మాటలు తప్పకుండా ఉంటాయి. కవిత నిండా పరుచుకున్న పని మాత్రం ఎవరి కంటా పడదు.

దళిత కవయిత్రి జూపాక సుభద్ర ‘కొంగు’ కవితనే చూడండి. చాలామంది దాన్ని పైట గురించిన చర్చగా చదివి వదిలేస్తారు. కూలికి పోయే ఆడమనిషికి కొంగు పనిముట్టు. నెత్తిన గంప ఎత్తాలంటే దాన్నే మెలితిప్పి సుట్టబట్ట చేసుకోవాలి. మెలి వదులైతే గంప ఒక పక్కకు ఒరుగుతుంది, మెడ పట్టేస్తుంది. పత్తి ఏరేటప్పుడు అదే కొంగు నడుముకు దోపితే ఒడి. అందులో ఎండుటాకు నలిగి కలిస్తే పత్తికి ధర పడిపోతుంది. అందుకే ఆకు తగలకుండా కాయలోంచి దూదిని మాత్రమే లాగాలి, అదీ గబగబా. ఇవి తెలిసి చదివితే, కొంగును రొమ్ముకు కాపలాగా చూడటాన్ని ఆ కవిత ఎందుకు కొట్టిపారేస్తుందో అర్థమవుతుంది.

వరి నాటు సంగతీ అంతే. ‘వంగిన నడుము’ అని జాలిపడి ఊరుకుంటాం. కుదురుకు రెండు మూడు మొక్కలు, వేలి మొదటి కణుపు లోతు. ఇంకా లోతుకు గుచ్చితే పిలకలు తగ్గుతాయి, పైపైన పెడితే నీళ్లకు తేలిపోతుంది. వెనక్కి నడుస్తూ, బురదలో, కొలబద్ద లేకుండా వానాకాలంలో చదరపు మీటరుకు 33 కుదుళ్లు, యాసంగిలో 44 పడేలా నాటాలి. ఈ పని చేసే మనిషిని కాగితాల్లో ‘నైపుణ్యం లేని కూలీ’ అంటారు. కవయిత్రుల కోపం సగం ఆ మాట మీదే.

గోగు శ్యామల సంపాదకత్వంలో దళిత స్త్రీల రచనల సంకలనం ‘నల్లపొద్దు’ 2003లో వచ్చింది. అలాంటి సంకలనాలు చదివే డిగ్రీ విద్యార్థికి ‘సుట్టబట్ట: ఒక రకం గుడ్డ’ అనే అర్థం ఎందుకూ కొరగాదు. (ప్రూఫుల్లో దాన్ని ‘చుట్టుబట్ట’గా దిద్దే పెద్దలూ ఉన్నారు. అప్పుడది ఒంటికి చుట్టుకునే బట్టయి కూర్చుంటుంది.) ప్రతి పనిమాటకూ దేనితో చేస్తారు, ఎలా చేస్తారు, తప్పితే ఏమవుతుంది అని ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం నిఘంటువులో దొరకదు, నాటేసే ఆడవాళ్లనే అడిగి రాసుకోవాలి. నాట్ల రోజుల్లో మాత్రం వెళ్లకండి, మాట్లాడే తీరిక వాళ్లకు ఉండదు.

— ఒక తెలుగు ఉపన్యాసకురాలు, వరంగల్