కాంపాక్ట్ ఫోను ఎక్స్ఛేంజ్ పద్ధతిపై, ఉత్పత్తి పేజీలో లేని వివరాలపై ఫిర్యాదు

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: ధర ఖాయం కాకముందే పాత ఫోను రీసెట్ చేయించడం, కొనాలా వద్దా తేల్చుకోవడానికి కావలసిన అంకెలు పేజీలో ఇవ్వకపోవడం.

అయ్యా,

మేము హైదరాబాద్‌లో ఫోన్లు రిపేరు చేసేవాళ్లం. పాత చిన్న ఫోను తెచ్చి "బ్యాటరీ మార్పించమంటారా, మీ కొత్త కాంపాక్ట్ ఫోను తీసుకోమంటారా" అని అడిగేవాళ్లకు జవాబు చెప్పాలంటే మాకూ మీ పేజీయే ఆధారం. అది చాలడం లేదు. దానికన్నా పెద్ద ఫిర్యాదు మీ ఎక్స్ఛేంజ్ పద్ధతి మీద. కొన్నవాళ్ల అనుమతితో వాళ్ల ఆర్డరు పత్రాలు, మీరు పంపిన సందేశాల స్క్రీన్‌షాట్లు జతపరిచాం.

డెలివరీకి ముందు మీ నుంచి ఒక సందేశం వస్తుంది: అకౌంట్లన్నీ తీసేసి, ఫ్యాక్టరీ రీసెట్ చేసి పాత ఫోను సిద్ధంగా ఉంచాలని. పికప్‌కు వచ్చిన మనిషి ఆ తర్వాత పరీక్ష మొదలుపెడతాడు. తెల్ల స్క్రీన్ మీద మూలన పసుపు షేడ్ కనిపించినా, ఫ్రేముకు చిన్న సొట్ట ఉన్నా యాప్‌లో చూపిన ధర తగ్గుతుంది. అప్పటికి పాత ఫోను ఖాళీ. వద్దని పంపేస్తే కొత్త ఫోనూ రాదు, పాతదాన్ని మళ్లీ మొదటి నుంచి సెట్ చేసుకోవాలి. అందుకే చాలామంది తగ్గిన ధరకే తల ఊపుతున్నారు. దాన్ని మీరు 'కస్టమర్ అంగీకారం' అని నమోదు చేసుకుంటున్నారు.

అకౌంటు తీయమనడంలో తప్పు లేదు. గూగుల్ అకౌంటు ఉండగానే రికవరీ నుంచి రీసెట్ చేస్తే ఎఫ్‌ఆర్‌పీ లాక్ పడుతుంది, అంటే పాత అకౌంటు వివరాలు ఇవ్వందే ఫోను తెరుచుకోదు. ఐఫోన్లో ఫైండ్ మై (పోయిన ఫోను వెతికే సదుపాయం) ఆపకపోతే అలాంటిదే యాక్టివేషన్ లాక్ పడుతుంది. అలాంటి ఫోను మీకూ పనికిరాదు. కానీ డిస్‌ప్లే, టచ్, కెమెరాలు, మైకు, స్పీకరు, ఛార్జింగ్ పోర్టు చూడటానికి రీసెట్‌తో పనేముంది? ఓనరు లాక్ తీసిస్తే పది నిమిషాల పని. ముందు పరీక్ష, తర్వాత యాప్‌లో తుది ధర, దానికి ఓటీపీతో ఒప్పుకోలు, ఆఖరున రీసెట్. వరుస ఇలా మారాలి.

ఇంకో చిక్కు. పాతది ఇస్తేగానీ కొత్తది ఇవ్వరు కాబట్టి రెండు ఫోన్లూ ఒకేసారి చేతిలో ఉండవు. కేబుల్‌తో డేటా మార్చుకోవడం కుదరదు, వాట్సాప్ చాట్లను క్యూఆర్ కోడ్‌తో ఫోను నుంచి ఫోనుకు పంపడమూ కుదరదు. అంతా క్లౌడ్‌లోకి ఎక్కించాలంటే గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ, ఆపిల్ ఇచ్చే 5 జీబీ ఎంతమందికి సరిపోతాయి? అథెంటికేటర్ యాప్‌లోని లాగిన్ కోడ్లు ముందే బ్యాకప్ కాకపోతే రీసెట్‌తో పోతాయి. యూపీఐ కొత్త ఫోనులో సిమ్ వేసి మళ్లీ రిజిస్టర్ చేస్తేగానీ రాదు. చాలా బ్యాంకుల్లో మొదటి 24 గంటలు 5,000 రూపాయల పరిమితి కూడా ఉంటుంది. పాత ఫోనులో ఈ-సిమ్ (కార్డు లేకుండా ఫోనులోనే ఉండే సిమ్) వాడేవాళ్ల అవస్థ ఇంకోరకం: రీసెట్‌లో ఈ-సిమ్ చెరిపేస్తే, దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి అడిగే ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. మీ సందేశంలో వీటి గురించి ఒక్క ముక్క లేదు. కొత్త ఫోను ఇచ్చాక పాతదాన్ని 48 గంటల తర్వాత తీసుకెళ్లే ఏర్పాటు చేయండి. అనుమానముంటే ఎక్స్ఛేంజ్ మొత్తాన్ని డిపాజిట్‌గా పట్టి ఉంచుకోండి.

ఇక మీ పేజీ. 'ఒంటి చేతికి ఒదిగే' అన్నారు, కింద స్క్రీన్ వికర్ణం (మూల నుంచి ఎదురు మూలకు కొలత) అంగుళాల్లో ఇచ్చారు. చేతికి తెలిసేది వికర్ణం కాదు, వెడల్పు. ఐఫోన్ ఎస్ఈ 2022 స్క్రీన్ 4.7 అంగుళాలే అయినా ఒళ్లు 67.3 మిల్లీమీటర్ల వెడల్పు. ఐఫోన్ 13 మినీ స్క్రీన్ 5.4 అంగుళాలైనా 64.2 మిల్లీమీటర్లే. గెలాక్సీ ఎస్25 వెడల్పు 70.5. మినీ నుంచి మారేవాళ్ల బొటనవేలికి ఆ ఆరు మిల్లీమీటర్లు తెలుస్తాయి. వెడల్పు, బరువు మొదటి వరుసలో ఉండాలి. మీరు వాటిని పేజీ అడుగున మడతలో పెట్టారు.

బ్యాటరీ మార్చాలా, కొత్తది కొనాలా అన్న ప్రశ్న సగం తేలేది బ్యాటరీ దగ్గరే. 13 మినీలో ఉన్నది సుమారు 2,400 ఎంఏహెచ్. ఆ తరం ఐఫోన్లకు ఆపిల్ చెప్పిన లెక్క: 500 పూర్తి సైకిళ్లు (బ్యాటరీ మొత్తం సామర్థ్యమంత ఛార్జి ఒకసారి వాడితే ఒక సైకిల్) తిరిగాక మొదటి సామర్థ్యంలో 80 శాతం. రోజుకో సైకిల్ పడితే అది పదహారు నెలల మాట. రోజుకు అంతే ఛార్జి వాడకం 5,850 ఎంఏహెచ్ ఉన్న వన్‌ప్లస్ 13ఎస్ మీద పడితే రోజుకు సగం సైకిల్ కూడా కాదు. చిన్న బ్యాటరీ త్వరగా ముసలిదయ్యేది ఇందుకే. అందువల్ల మాకు కావలసింది ఎంఏహెచ్ ఒక్కటే కాదు, ఎన్ని సైకిళ్లకు 80 శాతం అన్నది కూడా. సిలికాన్ కార్బన్ బ్యాటరీ అని గొప్పగా రాసినవాళ్లు ఇది తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే ఛార్జింగ్‌లో సిలికాన్ మామూలు బ్యాటరీల్లోని గ్రాఫైట్ కన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది, అది బ్యాటరీ ఆయుష్షు మీద పడొచ్చు. పేజీలో ఉన్నది 'టిపికల్' (సగటు సామర్థ్యం) అంకె. అంతకన్నా తక్కువైన 'రేటెడ్' (కనీస సామర్థ్యం) అంకె బాక్సు వెనక చిన్న అక్షరాల్లో ఉంది.

యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి అమ్మే ఫోన్ల లేబుల్ మీద బ్యాటరీ సైకిళ్లు, ఒక్క ఛార్జికి ఎన్ని గంటలు, రిపేరు సౌలభ్యం ఏ తరగతి అన్నవి వేయాలి. మీ మోడల్ అక్కడ కూడా అమ్ముతున్నారు. అంటే ఆ అంకెలు మీ దగ్గర సిద్ధంగా ఉన్నట్టే. ఇక్కడి పేజీలో పెట్టడానికి అడ్డేమిటి?

అప్‌డేట్ల విషయంలో '5 సంవత్సరాలు' అన్నారు. ఎప్పటి నుంచి? ప్రపంచంలో మొదట విడుదలైన రోజు నుంచా, ఇక్కడ కొన్న రోజు నుంచా? ఆండ్రాయిడ్ వెర్షన్లా, సెక్యూరిటీ ప్యాచ్‌లు (భద్రతా లోపాలను సరిచేసే అప్‌డేట్లు) మాత్రమేనా? పిక్సెల్ 8కి గూగుల్ 2030 అక్టోబర్ అని నెలతో సహా ప్రకటించింది. మీరూ అలాగే చెప్పండి. పాత ఫోనుకు ప్యాచ్‌లు ఇంకా వస్తూ, బ్యాటరీ ఒక్కటే 80 శాతం కిందికి జారితే మేము బ్యాటరీ మార్చుకోమనే చెబుతాం. ప్యాచ్‌లు ఆగిపోతేనే కొత్తది చూసుకోమంటాం. ఆ నెల తెలియకుండా ఏ సలహా ఇచ్చినా గాలిలో మాటే.

స్పేర్ పార్టుల గురించీ రాతపూర్వకంగా చెప్పాలి. తక్కువ అమ్ముడయ్యే కాంపాక్ట్ మోడళ్లకే ముందుగా డిస్‌ప్లే కాంబోలు (స్క్రీన్, టచ్ కలిసిన భాగాలు) దొరకడం మానేస్తాయి. వారంటీ దాటాక డిస్‌ప్లే, బ్యాటరీ, బ్యాక్ ప్యానెల్ ధరలెంత, అవి ఎన్నేళ్లపాటు ఇస్తారు అన్నది పేజీలో ఉండాలి.

జతపరిచిన ఆర్డర్లలో యాప్ మొదట చూపిన ఎక్స్ఛేంజ్ ధరకూ చివరికి ఇచ్చిన ధరకూ ఉన్న తేడాను వాపసు చేయండి, లేదా ఏ లోపానికి ఎంత తగ్గించారో పరీక్షలో తీసిన ఫొటోలతో సహా ఇవ్వండి. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. అలా జరగకపోతే కొన్నవాళ్లు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసి, తాము ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతారు. అందుకు కావలసిన కాగితాలన్నీ ఈ లేఖకు జతచేసినవే.

ఇట్లు,
మొబైల్ రిపేరు టెక్నీషియన్లు,
హైదరాబాద్

జతపరిచినవి: ఆర్డరు ఇన్‌వాయిస్‌లు, రీసెట్ చేయమన్న సందేశాలు, యాప్‌లో మొదటి ధర, తుది ధర స్క్రీన్‌షాట్లు, కొనుగోలుదారుల అనుమతి పత్రాలు.